వెబ్‌సైటులో కాలిబాటలు

విద్యార్థులారా! శ్రీకాకుళం జిల్లా కొసన ఉన్న కంచిలి, కవిటి, సోంపేట ప్రాంతాలను మీలో కొందరు చూసే ఉంటారు. ఆ తీరప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు అది పెట్టింది పేరు. అక్కడ ఒక ఊరి నుండి మరో ఊరికి తారురోడ్డు ఉంటుంది. అది చుట్టు తిరిగి పోతుంది. దానితోపాటు తోటల నడుమ, గట్ల మీదుగా సన్నని కాలిబాట కూడా ఉంటుంది. ఆ బాటను ఏ ఇంజనీరూ గీయలేదు. రోజూ చాలామంది ఒకే చోటు నుండి ఒకే చోటికి నడిచారు. గడ్డి అణిగింది, బాట పడింది. ఏడాదికి ఒక్కసారి నడిచే చోట బాట పడదు. ఎక్కడికీ పోని చోటికీ బాట పడదు.

ఈ చిన్న విషయంలో పెద్ద సూత్రం ఒకటి దాగి ఉంది. కంప్యూటరు తెర మీద వెబ్‌సైటును నడిపేవారికి కూడా ఇలాంటి కాలిబాటలు కావాలి. వాటినే ఇంగ్లీషులో షార్ట్‌కట్లు అంటారు. మనం దగ్గరదారులు అందాం. అవి ఎక్కడ ఉండాలి, ఎన్ని ఉండాలి, వాటిని మెరుగుపరచడం ఎలా అన్నది ఊహతో తేల్చే సంగతి కాదు. అందులో లెక్క ఉంది, ప్రయోగం ఉంది. అదేమిటో చూద్దాం.

వెబ్‌సైటుకు రెండు వాకిళ్లు

వెబ్‌సైటును మీరు ముందు వాకిలి నుండి చూస్తారు. చదువుతారు, బొమ్మలు చూస్తారు, వెళ్లిపోతారు. దానికి పెరటి వాకిలి కూడా ఒకటుంది. ఆ పేజీలను రాసేవారు, తప్పులు దిద్దేవారు, బొమ్మలు చేర్చేవారు అటు నుండి పనిచేస్తారు. చిక్కు ఎక్కడంటే, తప్పు కనిపించేది ముందు వాకిట్లో, దాన్ని దిద్దే పనిముట్లు ఉండేది పెరట్లో. ఒక్క అక్షరం దిద్దాలన్నా ఇల్లు చుట్టి వెళ్లాలి.

ఈ తిరుగుడు తప్పించడానికి వచ్చిందే టూల్‌బారు, అంటే పనిముట్ల పట్టీ. తెర పై అంచున సన్నగా, అడ్డంగా ఉంటుంది. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరు సంగతి చూడండి. దీన్ని 2003లో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో ప్రతి పదింటిలో సుమారు నాలుగు దీని మీదే నడుస్తున్నాయి. 2011 ఫిబ్రవరిలో వచ్చిన 3.1 కూర్పులో ముందు వాకిట్లో కూడా కనిపించే పట్టీని ప్రవేశపెట్టారు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 3.3 కూర్పులో రెండు వాకిళ్లకూ ఒకే పట్టీని చేశారు.

అందులో ఒక మంచి ఏర్పాటు ఉంది. పట్టీ ఎడమ వైపున వెబ్‌సైటు పేరు ఉంటుంది. ముందు వాకిట్లో ఉండి దాన్ని నొక్కితే పెరట్లోకి వెళ్తారు. పెరట్లో ఉండి అదే చోట నొక్కితే ముందు వాకిట్లోకి వస్తారు. వెళ్లే దారీ, వచ్చే దారీ ఒక్కచోటే! చేతికి ఒకసారి అలవాటైతే కంటితో వెతకవలసిన పనే ఉండదు. ఇక చదువుతున్న పేజీలోనే తప్పు కనిపిస్తే, పట్టీలో ‘ఈ పేజీని సవరించు’ అనే బటను ఉంటుంది. నొక్కగానే సరిగ్గా ఆ పేజీయే దిద్దడానికి సిద్ధంగా తెరుచుకుంటుంది. మీరు నిలుచున్న చోటి నుండే బయలుదేరడం మంచి దగ్గరదారికి మొదటి లక్షణం.

కంచిలి పేజీలో ఒక్క మాట

ఇప్పుడు మన తెలుగువారి వెబ్‌సైటు ఒకదాన్ని తీసుకుందాం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. దాన్ని ప్రారంభించినవారు వెన్న నాగార్జున. అందులో వ్యాసాలు రాసేవారు జీతం తీసుకునే ఉద్యోగులు కారు. పగలు తమ పనులు చూసుకుని, దొరికిన కాస్త సమయంలో రాసే స్వచ్ఛంద కార్యకర్తలు. వారు కూడి చర్చించుకునే పేజీకి పెట్టుకున్న పేరు ఏమిటో తెలుసా? రచ్చబండ! జిల్లాలకు, మండలాలకు, గ్రామాలకు కూడా అందులో పేజీలున్నాయి. కంచిలికీ ఉంది.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలను 26 జిల్లాలుగా విభజించారు. కంచిలి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండిపోయింది. కాని అప్పుడే పలాస కేంద్రంగా కొత్త రెవెన్యూ డివిజను ఏర్పడింది. అంతకుముందు టెక్కలి డివిజనులో ఉన్న కంచిలి, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస మొదలైన మండలాలు అందులో చేరాయి. అంటే కంచిలి పేజీలో ‘టెక్కలి’ అన్న ఒక్క మాట ‘పలాస’ కావాలి. చిన్న పనే కదూ!

పట్టీ లేదని ఊహించి ఈ పనిని మెట్లు మెట్లుగా లెక్కపెట్టండి. పేజీ వదిలి పెరట్లోకి వెళ్లడం ఒకటి. పేజీల జాబితా తెరవడం రెండు. అందులో కంచిలిని వెతకడం మూడు. దాన్ని తెరవడం నాలుగు. సవరించడానికి సిద్ధం చేయడం ఐదు. అప్పటికి గాని ఆ మాట మన చేతికి రాదు. అదే వికీపీడియా పేజీ తలపై ‘సవరించు’ అన్న మాట ఉంది. ఒక్క నొక్కుతో అక్కడికి చేరతాం. ప్రతి విభాగం శీర్షిక పక్కనా మరో ‘సవరించు’ ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ విభాగం ఒక్కటే తెరుచుకుంటుంది. పని ముగిశాక ప్రచురిస్తే తిరిగి అదే పేజీకి వస్తాం. ఐదు మెట్లు ఒక్క మెట్టు అయింది. నాలుగు మిగిలాయి.

ఒక మెట్టుకు 5 సెకన్లు అనుకుందాం. నాలుగు మెట్లకు 20 సెకన్లు. ‘ఇంతేనా!’ అంటారేమో. కాని మార్చవలసింది ఒక్క పేజీ కాదు. ఆ మండలాల పేజీలు, వాటిలోని గ్రామాల పేజీలు వరుసగా చూడాలి. ఒక కార్యకర్త 300 పేజీలు చూశారనుకుంటే 300 × 20 = 6000 సెకన్లు. అంటే 100 నిమిషాలు, గంటా నలభై నిమిషాలు! రాత్రి భోజనం తరువాత ఒక గంట కూర్చోగల మనిషికి అది దాదాపు రెండు రోజుల పని. పట్టీ బాగుంటే ఆ రెండు రోజుల్లో ఆ ఊరి చరిత్రో, చెరువుల సంగతో రాయవచ్చు. బాగోలేకపోతే విసుగుపుట్టి మానేయవచ్చు. అప్పుడు నష్టపోయేది ఆ ఊరి గురించి చదవాలనుకున్న మీరే.

ఒకే మాటను వందల పేజీల్లో మార్చడానికి బాట్ అనే ప్రోగ్రాములు లేవా అని మీలో తెలివైనవారు అడగవచ్చు. ఉన్నాయి. కాని ‘పూర్వం ఈ మండలం టెక్కలి డివిజనులో ఉండేది’ అన్న వాక్యంలో టెక్కలిని మార్చకూడదు. మార్చితే చరిత్రే తప్పుతుంది. ఆ తేడా కనిపెట్టే కన్ను మనిషిది. కాబట్టి మనిషి దారి సుగమంగా ఉండాలి.

అన్నీ పెడితే ఏం?

దగ్గరదారి అంత మంచిదైతే ఉన్న పనులన్నిటికీ తలా ఒక బటను పెడితే సరిపోదా? సరిపోదు. ఇక్కడ మానసిక శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు మనకు దారి చూపుతాయి.

1952లో విలియం ఎడ్మండ్ హిక్, 1953లో రే హైమన్ ఒక సంగతిని కొలిచారు. మన ముందున్న వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి పట్టే కాలం, వాటి సంఖ్య పెరిగిన కొద్దీ పెరుగుతుంది. రెండు నాలుగైతే కొంత పెరుగుతుంది. నాలుగు ఎనిమిదైతే మళ్లీ సుమారు అంతే పెరుగుతుంది. ఇది బాగా అలవాటైన వాటి సంగతి. కొత్తవారైతే బటన్లను ఒక్కొక్కటే చదువుకుంటూ పోవాలి. అప్పుడు ఎనిమిది ఉంటే నాలుగున్నప్పటి కన్నా రెట్టింపు చదవాలి. పట్టీలో ఒక బటను చేరితే మిగిలిన బటన్లన్నీ కాస్త దూరమైనట్టే.

1954లో అమెరికాలోని ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పాల్ ఫిట్స్ మరో నియమం కనుగొన్నాడు. రెండు పలకలను చిన్న కడ్డీతో మార్చి మార్చి తాకమని మనుషులకు చెప్పి, పట్టిన కాలం కొలిచాడు. గురి దూరమైతే కాలం పెరిగింది. గురి సన్నమైతే కూడా కాలం పెరిగింది. అసలు విశేషం ఏమిటంటే, దూరాన్ని, వెడల్పును రెంటినీ సగం చేస్తే కాలం ఇంచుమించు మారదు. అంటే కాలాన్ని నిర్ణయించేది దూరానికి, వెడల్పుకు ఉన్న నిష్పత్తి.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. కాగితం మీద మధ్యల నడుమ 20 సెంటీమీటర్ల దూరం ఉండేలా, 4 సెంటీమీటర్ల వ్యాసంతో రెండు వృత్తాలు గీయండి. పెన్సిలుతో ఒకదాని తరువాత ఒకటిగా మొత్తం 40 చుక్కలు పెట్టండి. చుక్క వృత్తం బయట పడకూడదు. స్నేహితుణ్ణి గడియారంతో కాలం చూడమనండి. తరువాత 10 సెంటీమీటర్ల దూరంలో 2 సెంటీమీటర్ల వృత్తాలతో అలాగే చేయండి. నిష్పత్తి రెండింటిలోనూ 5 కాబట్టి కాలాలు దగ్గర దగ్గరగా రావాలి. చివరగా 20 సెంటీమీటర్ల దూరంలో 1 సెంటీమీటరు వృత్తాలు గీసి చూడండి. ఇప్పుడు నిష్పత్తి 20. కాలం ఎంత పెరిగిందో మీకే తెలుస్తుంది.

పట్టీని తెర పై అంచున ఎందుకు పెడతారో ఇప్పుడు ఊహించగలరా? మౌసును ఎంత వేగంగా పైకి తోసినా బాణం గుర్తు తెర అంచు దాటి పోదు. అక్కడే ఆగిపోతుంది. కాబట్టి సరిగ్గా అంచును ఆనుకుని ఉన్న బటను సన్నగా ఉన్నా, నిలువుగా చాలా లోతైన గురితో సమానం. అంచుకూ బటనుకూ నడుమ కొద్దిపాటి ఖాళీ వదిలినా ఈ లాభం పోతుంది.

ఈ రెండు నియమాలనూ కలిపితే మన లెక్క పూర్తవుతుంది. ఒక దగ్గరదారి విలువ = మిగిలే మెట్లు × ఎన్నిసార్లు ఆ దారి నడుస్తారు. రోజుకు 25 సార్లు చేసే పనిలో 3 మెట్లు మిగిలితే నెలకు 2250 మెట్లు. నెలకు ఒక్కసారి చేసే పనిలో 10 మెట్లు మిగిలినా వచ్చేది 10 మాత్రమే. మొదటిదాన్ని పట్టీలో పెట్టాలి. రెండోది లోపలి జాబితాలో ఉన్నా నష్టం లేదు. తోటలో బాట పడిన చోట, పడని చోట ఉన్న తేడా ఇదే.

మెరుగు పడిందని ఎలా తెలుస్తుంది?

పట్టీని మార్చినవారు ‘బాగుంది’ అంటే చాలదు. విజ్ఞానశాస్త్రంలో మాటకు కాదు, కొలతకు విలువ. వికీపీడియా పేజీలకు ‘వెక్టర్ 2022’ అనే కొత్త రూపం ఇచ్చినప్పుడు ఒక మార్పు చేశారు. పేజీ కిందికి జరిపినా పైనున్న పట్టీ మాయం కాకుండా తల మీదే అతుక్కుని ఉండేలా, ఖాతా తెరిచి పనిచేసేవారికి ఏర్పాటు చేశారు. పొడుగాటి వ్యాసం అడుగున ఉన్నా చర్చకో, చరిత్రకో పోవడానికి మళ్లీ పై దాకా ఎక్కవలసిన పని లేదు.

దీన్ని పరీక్షించిన పద్ధతి చూడండి. కొందరికి ఆ పట్టీ చూపించారు, మరికొందరికి చూపించలేదు. మీరు మొక్కల ప్రయోగంలో ఒక కుండీని ఎండలో, ఒకదాన్ని నీడలో పెడతారే, అలాగన్నమాట. పట్టీ ఉన్నవారు పేజీ పైకి తిరిగి జరపడం సగటున సుమారు 16 శాతం తగ్గిందని వికీమీడియా సంస్థ ప్రకటించింది.

వేళ్లకు తెలిసిన దారులు

మౌసు పట్టకుండా కీబోర్డు మీటలతోనే పోయే దారులు మరింత దగ్గర. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అమెరికాలో వందలాది మంది ముందు మౌసును ప్రదర్శించి చూపాడు. అందరికీ మౌసు గుర్తుంది. కాని ఆయన ఎడమ చేతి కింద ఐదు మీటల చిన్న పెట్టె కూడా ఉన్న సంగతి చాలామందికి తెలియదు. ఒక చెయ్యి చూపుతుంటే రెండో చెయ్యి ఆజ్ఞ ఇవ్వాలని ఆయన ఉద్దేశం. నేడు మనం కంట్రోల్ మీటతో ‘సి’ నొక్కి నకలు తీసేటప్పుడు చేస్తున్నదీ అదే.

వికీపీడియాలోనూ ఇలాంటి దారులున్నాయి. విండోస్ కంప్యూటరులో ఆల్ట్, షిఫ్ట్ మీటలను కలిపి పట్టి ‘ఇ’ నొక్కితే సవరణ, ‘హెచ్’ నొక్కితే పేజీ చరిత్ర, ‘ఎఫ్’ నొక్కితే వెతికే పెట్టె, ‘ఆర్’ నొక్కితే ఇటీవలి మార్పులు వస్తాయి.

కాని తెలుగు రాసేవారికి ఇక్కడొక చిక్కు ఉంది. విండోస్‌లో ఇంగ్లీషు, తెలుగు కీబోర్డులు రెండూ పెట్టుకుంటే, ఒకదాని నుండి మరోదానికి మారడానికి వాడే మీటలు కూడా ఎడమ ఆల్ట్, షిఫ్ట్‌లే! మూడో మీట నొక్కే ముందు సందేహించి వేళ్లెత్తేశారో, దారి తెరుచుకోదు సరికదా, భాష మారిపోతుంది. పైగా ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డులో ‘ఇ’ మీట నొక్కితే దీర్ఘం గుర్తు పడుతుంది. ఇంగ్లీషు అక్షరాన్ని తలచుకుని పెట్టిన దారి తెలుగు అమరికలో పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ఒక దేశంలో కూర్చుని గీసిన బాట మరో దేశంలో గోడకు తగలడం అంటే ఇదే. దగ్గరదారులను మెరుగుపరచేవారు అన్ని భాషల కీబోర్డుల మీదా పరీక్షించి చూడాలి.

మీటల దారికి మరో లోపం కూడా ఉంది. అది కంటికి కనిపించదు. తెలిసినవారికే దారి, తెలియనివారికి అడవి. దీనికి ఒక విరుగుడు 2023 ఆగస్టులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.3 కూర్పులో కనిపిస్తుంది. కంట్రోల్, ‘కె’ కలిపి నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. వెళ్లవలసిన చోటి పేరులో రెండు మూడు అక్షరాలు కొడితే చాలు, అది ఎదురుగా వస్తుంది. వంద మీటలు గుర్తుపెట్టుకోనక్కరలేదు, ఒక్కటి గుర్తుంటే చాలు.

అందరికీ నడవగల బాట

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. చూపులేనివారు కూడా వెబ్‌సైట్లను చదువుతారు, నడుపుతారు. తెర మీది మాటలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లున్నాయి. తెలుగును చదివేవి కూడా ఉన్నాయి. వారు మౌసు వాడరు. ట్యాబ్ మీట నొక్కుతూ ఒక బటను నుండి మరో బటనుకు వెళ్తారు. పట్టీలో 20 బటన్లుంటే, ప్రతి పేజీలోనూ ఆ ఇరవైనీ దాటాకే అసలు విషయం దగ్గరకు చేరగలరు. మనం సరదాగా చేర్చే ప్రతి బటనూ వారికి మరో మెట్టు!

అందుకే 2008లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాల్లో ఒక నియమం పెట్టారు. పేజీ పేజీకీ తిరిగి వచ్చే భాగాలను దాటిపోయే మార్గం ఉండాలి. పట్టీకి ముందు ‘విషయానికి వెళ్లు’ అనే ఒక్క లంకె పెడితే ఆ ఇరవై మెట్లూ తప్పుతాయి. దగ్గరదారి అంటే తొందరున్నవారి సౌకర్యమే కాదు, కొందరికి అసలు దారే అదన్నమాట. ఫోనులో పనిచేసేవారినీ తలచుకోండి. అక్కడ మీటలు లేవు, మౌసు లేదు, బొటనవేలే ఆధారం. దానికి అందేటంత వెడల్పు బటను లేకపోతే ఫిట్స్ నియమం ఊరుకోదు.

మీరు చేయవలసిన పని

పాఠశాల కంప్యూటరులోనో, ఇంట్లోని ఫోనులోనో ఏదైనా ఒక వెబ్‌సైటును తీసుకోండి. నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో పని పేరు రాయండి. రెండో గడిలో ఇప్పుడు ఎన్ని మెట్లు పడుతున్నాయో, మూడో గడిలో దగ్గరదారి ఉంటే ఎన్ని మెట్లు మిగులుతాయో, నాలుగో గడిలో ఆ పని వారానికి ఎన్నిసార్లు చేస్తారో రాయండి. చివరి రెండు గడులనూ గుణించండి. ఎక్కువ వచ్చిన ఐదు పనులను ఏరి, కాగితం మీద ఒక పట్టీ గీయండి. ఆరోది పెట్టాలనిపిస్తే ముందు ఒకదాన్ని తీసేయండి. మీ పట్టీని తరగతిలో ఇద్దరికి చూపి, కాలం కొలిచి, పాతదానితో పోల్చండి.

వెబ్‌సైటు ఏది తీసుకోవాలో తోచకపోతే తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తెరవండి. జిల్లా, మండలం, రెవెన్యూ డివిజను సరిగా ఉన్నాయేమో మీ ఉపాధ్యాయుల సహాయంతో సరిచూడండి. తప్పుంటే ‘సవరించు’ ఎక్కడుందో వెతకండి. దాన్ని చేరడానికి మీకెన్ని మెట్లు పట్టాయో, అదే మీ పట్టికలో మొదటి లెక్క.